వదినగారి తీపినీళ్ల సీసా

మా పక్కింటి వదినగారు కిందటి నెల మా ఊరు టూవూంబా ఆసుపత్రిలో కన్నుమూశారు. చుట్టరికమేమీ లేదు, కంచెకు అటొకరు ఇటొకరుగా ఒంటరిగా బతికిన ఇద్దరం కలుపుకున్న వరస అది. నా ఒంటరితనాన్ని చూసి ఏనాడూ జాలిపడని మనిషి. అందుకు ఆవిడకు రుణపడి ఉన్నాను.

ఆవిడ పెరట్లో కొక్కేనికి ఒక గాజు సీసా వేలాడేది. అందులోని చక్కెర నీళ్లను తేనెపిట్టలు సన్నని నాలుకలతో తాగిపోయేవి. నర్సుగా రిటైరైన మనిషి కదా, రోజూ ఆ సీసాను మరిగే నీళ్లతో, బ్రష్‌తో కడిగేవారు. తన కాఫీ ఆ తరువాతే. చలికి వేళ్లు కొంకర్లు పోయే ఉదయాల్లో, "ఒక్కపూట మానేస్తే పిట్టలేమైనా కేసు పెడతాయా వదినగారూ?" అనేదాన్ని.

"కేసు పెట్టవండీ, చచ్చిపోతాయి. పులిసిన నీళ్లయినా తాగేస్తాయి, మనకి చెప్పవు."

జబ్బు ముదిరి చేతులు వణకసాగాక, నేను కడుగుతానన్నాను. ఒప్పుకోలేదు. స్టూలెక్కి తానే సీసా దించేశారు. "కడగలేని చేత్తో పిట్టలకు తిండి పెట్టకూడదండీ." కోపం వచ్చింది. కానీ ఆవిడ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

పదోరోజున పెరట్లో పెట్టిన పిండాన్ని కాకి ముట్టలేదు. సిడ్నీ నుంచి వచ్చిన కొడుకు కంగారుపడి, తల్లికి ఇష్టమని బెల్లం పానకం కలిపి, యాలకులూ మిరియాలూ వేసి, దుమ్ము పట్టిన ఆ సీసాలోనే నింపి కొక్కేనికి తగిలించాడు. పిట్ట తాగినా తల్లికి ముట్టినట్టేనని అతని ఆశ. బంధువులు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. కొమ్మ మీద ఒక తేనెపిట్ట వాలింది. నేను వెళ్లి సీసా దించి, పానకం గడ్డిలో ఒంపేశాను.

"ఆంటీ, ప్లీజ్! వన్ సిప్ తాగితే చాలు. అమ్మ హ్యాపీగా వెళ్లిందని తెలుస్తుంది."

"అమ్మ వెళ్లిపోయింది బాబూ. వెనకాలే పిట్టనెందుకు పంపుతావు?"

 అతను ఖాళీ సీసా వైపు చూస్తూ, "మరి మీరు పెడతారా ఆంటీ?" అన్నాడు. సీసా మా ఇంటికి తెచ్చుకున్నాను.

రోజూ కడిగి కిటికీలో బోర్లిస్తున్నాను. నా చేతుల మీద నమ్మకం లేక ఇంకా నింపలేదు. ఈ ఉదయం బ్రష్ నా వేళ్లలోంచి జారి సింకులో పడింది. తలెత్తి చూస్తే, కంచె అవతల ఆ కొక్కేనికి ఒక తేనెపిట్ట తలకిందులుగా వేలాడుతూ, సీసా మూతి ఉండేచోట గాలిని నాకుతోంది.