ఓపెన్‌కాస్టు చెరువులో సముద్రపు నత్త

రిటైర్‌మెంటుకు రెండేళ్ల ముందు, వానలు మొదలైన రోజుల్లో, నన్ను గోదావరిఖని దగ్గర, నేలను పైనుంచే తవ్వే ఒక ఓపెన్‌కాస్టు గనికి పర్యావరణ అధికారిగా వేశారు. జంతుశాస్త్రం చదివినవాడికి బొగ్గు కంపెనీలో ఏం పని అని ఇప్పటికీ అడుగుతుంటారు. గనిలో ఊరిన నీటిని పంపులతో తోడి ఒక చెరువులో నిలబెడతాం. బురద అడుక్కి దిగాక పైనున్న తేట నీరు కాలువ గుండా పొలాలకు పోతుంది. ఆ నీటిని పరీక్ష చేసి సంతకం పెట్టేది నేను.

గనికి పెద్ద ప్రాజెక్టు ఆఫీసరు. అందరూ పీవో అనేవారు. మైనింగులో దిట్ట, మనిషి కూడా మంచివాడే. కాకపోతే ఫోను ఏది చెబితే అదే ఆయనకు వేదం. ఒక ఉదయం చెరువు గట్టున తడి రాయి మీద నల్లటి జీవి ఒకటి పాకుతుంటే ఫొటో తీశారు. ప్రాణుల పేర్లు చెప్పే యాప్ అది సముద్రపు నత్త అని తేల్చింది. మధ్యాహ్నానికి ఫొటో అధికారుల గ్రూపులో తిరిగింది. మర్నాడు డైరెక్టరుగారి తనిఖీ. 'మా నీటి స్వచ్ఛతకు సముద్ర జీవే సాక్షి' అని బ్యానరు కట్టించేశారు. దానికి శాస్త్రీయ నిర్ధారణ నేను రాసివ్వాలట.

గట్టు మీదికి వెళ్లేసరికి పంపు ఆపరేటరు సదానందం ఎదురొచ్చాడు. "సముద్రం గీడిదాక ఎట్లొచ్చింది సార్? మా ఇంటామె చూస్తనంటుంది, తోల్కరావాల్నా?" అని అడిగాడు.

చూశాను. వానకు పెరళ్లలో తిరిగే పెంకులేని నత్త అది. యాప్ పొరబడటంలో వింత లేదు. సముద్రంలో దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది, పేరు ఒంకిడియం. చదువుకునే రోజుల్లో విశాఖ తీరంలో చూశాను. ఒళ్లంతా బొడిపెలు, వాటి మధ్య వీపు మీదే చిన్న చిన్న కళ్లు. పోటు వేళ రాతి పగుళ్లలో దాక్కుంటుంది. నీరు వెనక్కి తగ్గాక బయటికొచ్చి రాళ్ల మీది నాచు గీరి తింటుంది. సముద్రపుదే అయినా మనలాగా గాలి పీలుస్తుంది. ఉప్పునీటి అంచు మాత్రం వదలదు. మా గని పక్కనున్న రామగుండం రావాలంటే అది రైలెక్కాల్సిందే. మా గట్టు మీది దానికి బొడిపెలూ లేవు, వీపున కళ్లూ లేవు.

పీవో గదికి వెళ్లి, సముద్రపుదానికైతే వీపు మీద కళ్లుంటాయని, ఇది నేల నత్త అని చెప్పాను. ఆయన నవ్వారు. "నీ చదువు ఎప్పటిదయ్యా? యాప్ ఇయ్యాల్టిది. ఫికర్ చెయ్యకు, సంతకం పెట్టు."

కాదంటే డైరెక్టరు ముందు ఆయన పరువు తీసినవాణ్నవుతాను. పెడితే, రేపు నీటి మీద నేను పెట్టే సంతకాన్ని కూడా ఎవరూ నమ్మరు. కుర్చీ లాక్కుని కూర్చుని కలం తీశాను.

"పెడ్తా సార్. కాని ఇంకో మాట గూడ రాయాలె. ఈ జీవి ఉప్పునీళ్లల్లనే బతుకుతది. అంటే మన చెరువు సముద్రమంత ఉప్పగున్నట్టు."

ఆయన చేతిలో చాయ్ గ్లాసు ఆగింది.

"గవే నీళ్లు పొలాలకు పోతున్నయి గద సార్. రైతులు జల్దిన వచ్చి ఆఫీసు ముంగట కూసుంటరు. ఉప్పు ఏడికెల్లి వచ్చిందని డైరెక్టర్ సార్ అడిగితే మీరే చెప్పాలె."

పీవో కాసేపు ఫోను వైపు, కాసేపు నా కలం వైపు చూశారు.

"నేల నత్త అని ముందుగాల్నే అన్నవ్ గదా?"

"అన్న సార్."

"మరి గట్టిగ చెప్పాలె గదయ్యా!"

సాయంత్రానికి బ్యానరు దిగింది. మర్నాడు పీవో డైరెక్టరుగారిని చెరువు గట్టుకు తీసుకెళ్లి, నేల నత్తకూ సముద్రపు నత్తకూ తేడా ఏమిటో, వీపు మీది కళ్లతో సహా, తడుముకోకుండా వివరించారు. నేను వెనక గొడుగు పట్టుకుని శ్రద్ధగా విన్నాను. డైరెక్టరుగారు మెచ్చుకుని, ఇలాంటివి కాస్త నేర్చుకోమని నాకు సలహా ఇచ్చారు.

పై అధికారి మాట తప్పని చెబితే ఆయన దాన్నే పట్టుకుని కూర్చుంటారు. నిజమేనని ఒప్పుకుని, దాని వల్ల ఏం జరుగుతుందో చెబితే తనంతట తానే వదిలేస్తారు. ఆ తర్వాత దాన్ని సరిదిద్దిన ఘనత కూడా ఆయనకే ఇచ్చేయాలి. మా ఉద్యోగంలో నీటి పరీక్షలకంటే ఈ పద్ధతే నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది.