పడవ మునుగుతదన్న మనిషి

కిందటేడు ఈద్ సెలవులకు శ్రీలంక వెళ్లి, అక్కడి నదిలో పడవలు నడపాలని దోహా అల్ తుమామాలోని మా ఇంట్లో నాలుగు కుటుంబాల వాళ్లం కూర్చుని మాట్లాడుకుంటున్నాం. మా ఆయనతో డ్యూటీ చేసే శంకర్ నన్ను చూసి, "వదినెను ఒడ్డు మీదనే కూసోబెట్టాలె. ఆమె ఎక్కితే పడవ మునుగుతది" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. చాయ్ కప్పులు తీసే నెపంతో వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఆ మంట చల్లారలేదు. ప్రయాణానికి ముందు కాస్త అలవాటు చేసుకుందామని అందరినీ దోహాకు దగ్గర్లోని అల్ ఖోర్ మడ అడవులకు నేనే బయలుదేరదీశాను. పడవ కాసేపటికే నా చేతికి లొంగింది. శంకర్ మాత్రం తన పడవలో సెల్ఫీ కోసం లేచి నిలబడి బోల్తాపడ్డాడు. లైఫ్ జాకెట్ ఉన్నా, "మునుగుతున్న, వదినె! పట్టుకో" అని చేతులు కొట్టుకుంటూ అరిచాడు.

అక్కడ అంతకుముందే దిగి చూశాను కనుక లోతెంతో నాకు తెలుసు. అయినా తెడ్డు ఒళ్లో పెట్టుకుని, అతని భార్యా, మా ఆయనా, మిగతావాళ్లూ దగ్గరికి వచ్చేదాకా ఆగాను. అప్పుడు నెమ్మదిగా, "లేచి నిలబడు శంకర్. మోకాళ్ల లోతే ఉన్నది" అన్నాను.

శ్రీలంకకు అతను రాలేదు. క్షమించడం గొప్ప గుణమంటారు, నిజమే కావచ్చు. బురద కారుతున్న అతని ముఖం గుర్తొస్తే మాత్రం నాకు ఇప్పటికీ కడుపు చల్లబడుతుంది.

— సుజాత, దోహా