పేరు మూసేస్తే ఎవరి కార్డు?

మొన్న స్టాఫ్ రూములో కొత్తగా చేరిన టీచరు కంప్యూటరు రాసిచ్చిన వాక్యాన్ని పైకి చదువుతోంది: "చురుకైన విద్యార్థి. మరికాస్త శ్రద్ధ అవసరం." ఆ మాటలు చెవిన పడగానే సుశీల మేడం గుర్తొచ్చారు. సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి నాకు.

నారాయణగూడలోని మా బడికి ఆవిడ హెడ్మిస్ట్రెస్. రోజూ అశోక్‌నగర్ నుంచి నడిచొచ్చేవారు. రిటైరయ్యే ఏడాది కృత్రిమ మేధను వాడటం నా దగ్గర నేర్చుకున్నారు. నేర్చుకున్నాక ఇక వదిలితేనా! మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని కూడా దాన్ని ఏదో ఒకటి అడిగేవారు. చిక్కడపల్లి సందుల గురించి అది తప్పు చెబితే కోప్పడకుండా, ఈ ముచ్చట దీనికి ఎక్కడ దొరికిందో అని ఆరా తీసేవారు.

ఆ ఏడాది నలభై ప్రోగ్రెస్ కార్డుల్లో అభిప్రాయాలు దానిచేతే రాయించాను. గంటలో పని ముగించానని గొప్పగా తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. మేడం ఒక కార్డు తీసి, పేరు మీద బొటనవేలు ఉంచి, "మంచిగ రాసింది. ఎవరి గురించి?" అన్నారు. చెప్పలేకపోయాను. ఇంకో కార్డు తీశారు. అదీ అంతే. నాకు ఒళ్ళు మండింది, కానీ ఏ ముఖం పెట్టుకుని మాట్లాడను?

అంతలోనే ఏడో తరగతి మంజుల తల్లి వచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఇళ్ళు కట్టే పనికి వెళ్ళే మనిషి. చంటివాణ్ణి చూసుకోవడానికి మంజులను బడి మాన్పించాలా వద్దా, అది తేల్చుకోవడానికే వచ్చానంది. కార్డులో ఉన్నది చదివి వినిపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"గట్లనే అందరికీ చెప్తరు మేడం. నా బిడ్డకు సదువొస్తదా, రాదా?"

సుశీల మేడం నా వైపే చూస్తూ కూర్చున్నారు. అప్పుడు తట్టింది. అంతకుముందు వారం సిమెంటు, ఇసుక పాళ్ళ లెక్కను ఆ యంత్రంతో క్లాసులో వివరింపజేశాను. మంజుల లేచి, "దానికెట్ల తెలుసు మేడం? ఎన్నడన్న మాలు కలిపిందా?" అంది. పిల్లలంతా నవ్వారు. నేను కూర్చోమన్నాను.

ఆ సంగతంతా తల్లికి చెప్పాను, నోరు మూయించింది నేనేనని కూడా. అలాంటి ప్రశ్న క్లాసులో ఇంకెవరికీ తోచలేదనీ, ఆ పిల్లను మాన్పించొద్దనీ బతిమాలాను. ఆమె "ఇంట్ల గూడ గిట్లనే అడిగి సంపుతది" అని నవ్వింది. మంజుల అడిగిన ఆ ప్రశ్నే కార్డు మీద రాసిమ్మంది. సోమవారం మంజుల బడికొచ్చింది.

కంప్యూటరు వాడొద్దని మేడం అనలేదు. "ముందు నువ్వు చూసింది ఒక్కటి రాయి. భాష తర్వాత దాంతో దిద్దించుకో," అన్నారంతే. ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. ఈసారి నిన్న సాయంత్రానికి పదకొండు కార్డులు ఖాళీగా మిగిలాయి. తొమ్మిది నెలలుగా రోజూ హాజరు పిలుస్తున్నాను, ఆ పదకొండు మందిని నేనింకా చూడనే లేదు.