తెర మీద మొదటి పేరు

మా మరిది అంబదాస్‌ది ఏడో తరగతి చదువు. కరీంనగర్ పక్క పల్లె నుంచి సూరత్‌కు వచ్చి బట్ట నేసే సాంచల మీద నిలబడ్డప్పుడు ఇంకా మీసాలు రాలేదు. ఈ మధ్యదాక సూరత్ పక్కనున్న సచిన్‌ల ఒక కార్ఖానాకు మాస్టర్, పనోళ్లందరి మీద పెద్ద. తొంభై ఆరు సాంచల చప్పుట్ల ఏ సాంచకు పోగు తెగిందో వెనుకకు తిరగకుండనే చెప్తడు. నెమ్మది మనిషి. ఆయన భయపడంగ నేను చూసింది ఈ ఎండకాలమే.

ఆ కార్ఖానా సేఠ్ ఒక క్లాసుల చేరిండు. కంప్యూటర్లతోని వ్యాపారం ఎట్ల నడపాలె, ముందుగాల ఏది మార్చాలె, ఏది మార్చొద్దు అని యజమానులకు నేర్పుతరట. దాన్ని డిజిటల్ స్ట్రాటజీ అంటరని అంబదాసే చెప్పిండు. ప్రతి సేఠ్ కార్ఖానా లోపలి సంగతి తెలిసినోణ్ని ఒకణ్ని వెంట తెచ్చుకోవాలె. అట్ల మా మరిది ఆదివారాలు ఇస్త్రీ అంగీ ఏసుకొని ఏసీ గదిల కూసునుడు మొదలైంది. సేఠ్‌లందరు ఫోన్లు చూసుకుంటరు, రాసుకునేది నేనొక్కణ్నే అని నవ్వేటోడు.

యంత్రాలు తర్వాత కొనండి, ముందు మీ దగ్గర పని ఎట్ల నడుస్తదో ఉన్నదున్నట్టు రాసి తీసుకరండి అన్నడట అక్కడి సారు. అంబదాస్ రెండు వారాలు కూసొని రాసిండు. ఏ సాంచ ఎవరిది, ఏ తారీఖున ఎన్నిసార్లు ఆగింది, ఎందుకాగింది. పేర్లు హాజరు బుక్కుల ఎట్లున్నయో అట్లనే దించిండు. తప్పు అక్కడనే జరిగింది.

మా దిక్కోళ్లల్ల ఒక కట్టడి ఉన్నది. సాంచలు నడిపేటోడు కాలం చేస్తే, ఏడాది మాసికం అయ్యేదాక ఆయన సాంచలు ఆయన పేరు మీదనే నడుస్తయి. తోటోళ్లు వంతులేసుకొని నడుపుతరు. కూలి ఇంటికి చేరుతది. సేఠ్‌కు చెప్పరు. చెప్పాలని ఎవరికీ తోచదు గూడ. అదే కార్ఖానాల పనిచేసే మా ఆయన సోమలింగం పోయి అప్పటికి ఏడు నెలలు. ఆయన ఆరు సాంచలను నలుగురు చూసుకుంటున్నరు. వాళ్లల్ల ఒకడు అంబదాస్, సొంత తమ్ముడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం క్లాసు నుంచి సీదా నవాగామ్‌ల మా ఇంటికే వచ్చిండు. గడప మీద కూలబడ్డడు. చాయ్ ఇస్తే ముట్టలేదు. సారు అంబదాస్ రాసిందంత కంప్యూటర్‌ల ఏసి గోడంత తెర మీద చూపెట్టిండట. అందరికంటె తక్కువ ఆగిన సాంచలు ఎవరియని చూస్తే మొదటి పేరు సోమలింగం.

పోయినోని పేరు చెడగొట్టొద్దని ఆ నలుగురు ఆ సాంచలను తమ వాటికంటె మంచిగ చూసుకున్నరు. ఆ మంచితనమే మెడకు చుట్టుకున్నది. సేఠ్ సంబరపడి, కొత్త షెడ్డుల అందరికి ఈ మనిషే పని నేర్పుతడు, వచ్చే ఆదివారం తీసుకరా అన్నడట.

"ఊరికి పోయిండని చెప్పరాదు?" అన్న నేను.

"ఎన్ని ఆదివారాలు చెప్తం వదినె? ఒకటో తారీఖు నుంచి వేలిముద్రల మిషన్ పెడుతున్నరు. అన్న ఏలు ఏడికెళ్లి తేవాలె?"

ఇంతకుముందున్న మాస్టర్‌ను చిన్న అబద్ధానికే ఆ సేఠ్ నిలబడ్డ పాటున పనిల నుంచి తీసేసిండు. పాపం, టిఫిన్ డబ్బా గూడ తీసుకోనియ్యలేదు. వారమంత అంబదాస్ తిండి తినలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేటోడు. శుక్రవారం నాడు, నేను గూడ వస్త, పోయి ఉన్నది చెప్పుదామని నేనే అన్న.

సేఠ్ మొత్తం విన్నడు. అరువలేదు. అరిస్తే బాగుండేది. నా దిక్కు ఒకసారి చూసి, నడిపినోళ్ల పేర్లు రాయుమని కాగితం జరిపిండు. అంబదాస్ ఒక్క పేరే రాసిండు. తనది.

సేఠ్ కంప్యూటర్ మా దిక్కు తిప్పిండు. "మొన్నటిది కాదు, అంతకుముందు ఆదివారం పొద్దుగాల ఈ సాంచలు నడిచినయని నువ్వే రాసినవు. అప్పుడు నువ్వు నా పక్కన కూసున్నవు గద?"

అంబదాస్ పెన్ను బల్ల మీద పెట్టిండు. మళ్ల ముట్టలేదు.

ఒకటో తారీఖు నుంచి మాస్టర్ వేరేటోడు అన్నడు సేఠ్. కావాలంటే నువ్వు ఆ ఆరు సాంచల మీద నిలబడు, నీ పేరు మీద.

ఇప్పుడు రోజూ వేలిముద్ర ఏసి అన్న సాంచల ముందట నిలబడుతున్నడు. తారీఖులున్న ఆ కాగితాలు కొత్త మాస్టర్ చేతుల పడ్డయి, వెతికితే నడిపినోళ్లందరు దొరుకుతరు. మిగిలిన ఆ ముగ్గురికి సేఠ్ నుంచి ఇంకా పిలుపు రాలేదు.