విత్తనాల కొట్టు పోస్టమ్మ

ఆవిడను అందరూ పోస్టమ్మ అనే పిలిచేవారు. తపాలా ఆఫీసులో ఒక్కరోజు కూడా పని చేసిన మనిషి కాదు. తమ్ముడి విత్తనాల కొట్టులో, వెనక గదిలో, కిటికీ పక్కన కంప్యూటరు ముందు కూర్చుని కస్టమర్లకు ఈమెయిళ్ళు రాయడం ఆవిడ ఉద్యోగం. పక్క గదిలో విత్తనాలు పొట్లాలు కట్టే ముగ్గురు ఆడవాళ్ళు కలిసి ఆ పేరు పెట్టారు.

భర్త పోయాక ఏదో కాలక్షేపానికని వచ్చింది. వచ్చాక ఆ పని ఆవిడను వదల్లేదు. బంతి నారు ఎప్పుడు పొయ్యాలో, టమాటా మొక్కకు కర్ర ఎప్పుడు కట్టాలో, పక్కింటావిడకు గోడ మీంచి చెబుతున్నట్టు రాసేది. అమ్మకం కోసం రాసినట్టుండదు, ఆపేక్షగా ఉంటుంది అని జనం మెచ్చుకునేవారు. పైకి అనేది కాదు గాని, ఆ మెప్పంటే ఆవిడకు లోలోపల చాలా ఇష్టం.

కొట్టుకు ఏడాది మొత్తానికీ ప్రాణం విత్తే కాలమే. అది మొదలవగానే పోస్టమ్మ మొదటి ఉత్తరం పంపింది. పక్కనున్న టీ చల్లారేలోపే తిరుగుటపా మొదలైంది. వాళ్ళ కస్టమర్లలో ముప్పాతిక మందికి ఒకే పెద్ద మెయిలు కంపెనీలో చిరునామాలున్నాయి. అక్కడికి వెళ్ళినవి దాదాపు అన్నీ గోడకు కొట్టిన బంతుల్లా వెనక్కి వచ్చిపడుతున్నాయి.

"మళ్ళీ పంపవే అక్కా. ఏ వైరో కదిలుంటుంది," అన్నాడు తమ్ముడు.

పంపింది. మళ్ళీ వచ్చాయి. ఇంకోసారి పంపమన్నాడు. ఈసారి అంతో ఇంతో వెళ్తున్నవి కూడా ఆగిపోయాయి.

"తలుపేసుకున్నవాళ్ళని బాదితే తీస్తారట్రా? ఇంకో గడియ పెట్టుకుంటారు," అని పోస్టమ్మ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

తమ్ముడు కుర్చీలో కూలబడ్డాడు. పక్క గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "ఈ వారంలో ఆర్డర్లు రాకపోతే అదను దాటిపోతుంది. ఈ సరుకు వచ్చే ఏడాదికి మొలకెత్తదు. ఇక ఆ గది మూసెయ్యాల్సిందే అక్కా."

తలుపు ఓరగా తెరిచే ఉంది. అవతల పొట్లాలు అంటించే చప్పుడు ఆగిపోయింది.

పోస్టమ్మ ముందు యంత్రం సంగతి చూసింది. ఉత్తరం నిజంగా ఈ కొట్టు నుంచే వచ్చిందని రుజువు చేసే ముద్రలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు, తిరిగొచ్చినవాటి అడుగున మెయిలు కంపెనీ రాసిన ముక్క చదివింది. మీ ఉత్తరాలు స్పామ్, అంటే అక్కర్లేని చెత్త అని మా వాడుకదారుల్లో చాలామంది ఫిర్యాదు చేశారు, అందుకే ఆపుతున్నాం, అని దాని సారాంశం.

ఆవిడ మనసు చివుక్కుమంది. చదవకపోతే మానె, ఫిర్యాదు కూడానా!

"ఎవడో గిట్టనివాడు చేయించాడు," అన్నాడు తమ్ముడు.

"ఇంతమంది గిట్టనివాళ్ళని సంపాదించుకునేంత పెద్ద కొట్టట్రా మనది?"

ఆ మధ్యాహ్నం సంగీతం టీచరు బీన్సు విత్తనాలకు వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా అక్కడే కొనే మనిషి. పోస్టమ్మ కౌంటరు దగ్గరే పట్టుకుని, మా ఉత్తరాలు ఎలా ఉంటున్నాయండీ అని అడిగింది.

"భలే ఉంటాయమ్మా," అని టీచరు కాస్త నసిగింది. "ఏమీ అనుకోనంటే చెబుతాను. స్పామ్ అని నొక్కేశాను."

"అదేమిటండీ, భలే ఉంటాయంటూనే!"

"ఎండాకాలమంతా మొక్కల ఊసెందుకమ్మా నాకు? కొన్నాళ్ళు వద్దని చెబుదామంటే దారేదీ? అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, మానుకోదలిస్తే కొట్టుకు ఫోన్ చెయ్యండి అని ఉంది. చేశాను. మీ తమ్ముడు ఎత్తాడు. ఇంకేముంది! మానేస్తానని చెప్పబోయినదాన్ని గుమ్మడి విత్తనాలు కొని ఫోన్ పెట్టేశాను. గుమ్మడి పాదు పెట్టే చోటైనా లేదు తల్లీ మాకు! మళ్ళీ చేస్తే ఏం కొనిపిస్తాడో అని భయపడి ఆ బొత్తాం నొక్కేశాను. మా చెల్లెలికీ అదే చెప్పాను."

పోస్టమ్మకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ వాక్యం పెట్టించింది తమ్ముడే. కొట్లోకి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపకపోవడం వాడి గొప్ప. ఆ ఒడుపే ఈమెయిళ్ళకూ తగిలించాడు. మానేస్తామని ఫోన్ చేసినవాళ్ళను మాటల్లో పెట్టి, మనసు మార్పించి, "చూశావా అక్కా, ఎక్కడికి పోతారు!" అని మురిసిపోయేవాడు. పోవాలనుకున్నవాళ్ళు ఫోన్ జోలికి రాకుండా నిశ్శబ్దంగా స్పామ్ బొత్తాం నొక్కుకుంటూ పోయారు.

ఆవిడ తిన్నగా తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. "వద్దనేవాళ్ళకి దారి ఉత్తరం పైనే పెడుతున్నాను. పెద్ద అక్షరాల్లో. ఒక్కసారి నొక్కితే చాలు, మనతో మాట్లాడే పని లేదు."

"పిచ్చా నీకు? అలా బార్లా తెరిచి పెడితే ఒక్కడు మిగలడు!"

"మర్యాదగా పోయేవాడు తనొక్కడే పోతాడురా. స్పామ్ కొట్టినవాడు కావాలనేవాళ్ళ ఉత్తరం కూడా ఆపిస్తున్నాడు."

"అది కాదే..."

బిల్లులు చూసుకుంటున్న మరదలు తలెత్తకుండానే అందుకుంది. "మీ నోటికి జడిసి మా పుట్టింటివాళ్ళే ఫోన్ చెయ్యడం మానేశారు. వదిన చెప్పినట్టు వినండి."

"సరే, నీ ఇష్టం," అని ఒక్క ముక్కతో సరిపెట్టాడు తమ్ముడు. ఆ ఇంట్లో అదొక విశేషం.

పోస్టమ్మ నడుం బిగించింది. వెళ్ళిపోయే దారిని ఉత్తరం నెత్తిన పెట్టింది. ఫిర్యాదు చేసినట్టు మెయిలు కంపెనీ తెలిపినవాళ్ళను తీసేసింది. ఏడాదిగా ఒక్క ఉత్తరమైనా తెరవనివాళ్ళను పక్కన పెట్టింది. వాళ్ళలో తమ్ముడి ప్రాణస్నేహితులు కొందరున్నారు గాని, ఆ మాట వాడి చెవిన వెయ్యలేదు. ఆపైన మెయిలు కంపెనీకి రాసింది. సాకులు చెప్పలేదు, బతిమాలలేదు. వద్దనుకున్నవాళ్ళకు ఇన్నాళ్ళూ దారి లేకుండా చేశాం, తప్పు మాదే, ఇప్పుడు ఇదిగో ఇలా తెరిచాం, అని ఉన్నదున్నట్టు రాసింది.

ఆ తర్వాత ఎదురుచూపు. పక్క గదిలో పని లేక, ముగ్గురూ తుడిచిన బల్లలే మళ్ళీ తుడుస్తున్నారు. ఏమైందని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే ఆవిడకు ఎక్కువ బరువైంది.

జవాబు వచ్చింది. అడ్డు తీసేస్తున్నాం, నెమ్మదిగా పెంచుకుంటూ పంపండి, అని.

"హమ్మయ్య! కొట్టెయ్ అక్కా, అందరికీ ఒకేసారి!"

"లంఖణాల నుంచి లేచినవాడికి విందు పెడతారట్రా? ఆగు."

ముందు, ఎప్పుడూ తప్పకుండా చదివే కొద్దిమందికి మాత్రమే పంపి చూసింది. ఒక్కటీ వెనక్కి రాలేదు. మర్నాడు ఇంకొందరికి. ఆ మర్నాడు ఇంకా కొందరికి. పైనున్న దారి పట్టుకుని వెళ్ళినవాళ్ళు వెళ్ళారు, కానీ తమ్ముడు బెదిరినంతమంది కాదు. ఫిర్యాదు మాత్రం ఒక్కటీ లేదు.

ఆర్డరు వచ్చినప్పుడల్లా పార్సిలు చిరునామా అచ్చు కొట్టే యంత్రం ఒకసారి గుర్రుమంది. కాసేపాగి మళ్ళీ గుర్రుమంది. ఆ తర్వాత ఇక ఊపిరి తీసుకోలేదు.

"పోస్టమ్మా! ఇక ఆపు తల్లీ, చేతులు పడిపోతున్నాయి!" అని పక్క గదిలోంచి కేక.

"ఆపెయ్యమంటారా?"

"అమ్మో, వద్దొద్దు! ఊరికే అన్నాం!" ముగ్గురూ ఒక్కసారే అరిచి, పగలబడి నవ్వారు.

ఆవిడ లేచి వెళ్ళి చూసేసరికి తమ్ముడు కూడా వాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుని పొట్లాలు కడుతున్నాడు.

"అయ్యగారూ, పొట్లం మీద టమాటా అని ఉంది. మీరు పోస్తున్నది వంగ విత్తనం. మీరు లేచి అవతలికి వెళ్తే మాకు తొందరగా అవుతుంది," అంది వాళ్ళలో పెద్దావిడ.

తమ్ముడు ఆ మాట వినిపించుకోలేదు. బల్ల మీద పేరుకున్న పార్సిళ్ళ మీంచి అక్కను చూసి, "ఈ గది చాలడం లేదే అక్కా. ఆ గోడ తీయించి పెద్దది చేద్దామా?" అన్నాడు.

"గోడ తర్వాత. ముందు జరుగు, నాకు చోటివ్వు," అంటూ పోస్టమ్మ చేతులు పైకి మడుచుకుని ఆ బల్ల ముందు కూర్చుంది.