లామినేషన్ చేయించిన సంతకం

ఈ రోజు సూర్యాపేటలో నా డ్యూటీ, రిజర్వేషన్ కింద యూనివర్సిటీ సీటు వచ్చిన పిల్లల కాగితాలు చూసి ముద్ర వేయడం. నడిగూడెం నుంచి కూతురితో వచ్చిన ఒక కూలీ ఏకంగా దరఖాస్తుకే లామినేషన్ చేయించి తెచ్చాడు. దాని మీద ముద్ర అంటదు.

“దరఖాస్తుకు ఎవరన్నా లామినేషన్ చేయిస్తరా పెద్దాయనా?” అన్నాను విసుగ్గా.

“ఇన్నేండ్లు ఏలిముద్రే సార్. బిడ్డ నేర్పితే మొదటిసారి సంతకం పెట్టిన. చెరిగిపోతదేమోనని చేయించిన.”

కొత్త ఫారం ఇచ్చాను. చెప్పులు విడిచి, చాలాసేపు కూర్చుని మళ్లీ సంతకం పెట్టాడు.

“పాతది ఇంటికి తీస్కపోనా సార్?”

పాడైన ఫారాలు ఆఫీసులోనే ఉంచాలని రూలుంది. సాయంత్రం రిజిస్టర్‌లో ‘ఈ రోజు పాడైన ఫారాలు లేవు’ అని రాసి, నేనూ సంతకం పెట్టాను. అబద్ధమంటారా?