వెనక కుట్టు విప్పిన కోటు

నాకూ ఒక వీపు ఉందన్న సంగతి నలభై తొమ్మిదో ఏట తెలిసింది. అదీ ముప్ఫై రెండు మంది విద్యార్థుల ఎదుట.

నాది ఫోటో స్టూడియో. పాస్‌పోర్టు ఫోటోలు తీసి అరగంటలో చేతికిస్తాను. ఇరవై ఆరేళ్లుగా మనుషుల్ని ఛాతీ నుంచి పైకి మాత్రమే చూశాను. ఆ కింద ఏముందో, ఆ వెనక ఏముందో నా పనికి అక్కర్లేదు. చిరిగిన నిక్కరుతో వచ్చినవాణ్ణి కూడా పెద్ద ఆఫీసరులా పంపించాను. ఆ ఘనత నాది కాదు, కోటుది.

నల్ల కోటు. స్టూలు వెనక మేకుకి వేలాడుతూ ఉంటుంది. ఒకసారి ఓ లావుపాటి గుమాస్తా వేసుకుంటే బొత్తాలు అందలేదు. ఆయన దరఖాస్తుకి ఆ సాయంత్రమే గడువు. గోడ గడియారం చూశాను, కత్తెర తీశాను, వీపు మీది కుట్టు మెడ దగ్గర్నుంచి అంచు దాకా విప్పేశాను. ఇక ఆ రోజు నుంచి లావుగా ఉన్నవాళ్లకి అది తలుపుల్లా తెరుచుకునేది. సన్నగా ఉన్నవాళ్లకి రెండు రెక్కలూ ఒకదాని మీదికి ఒకటి లాగి, బట్టలారేసేటప్పుడు పెట్టే క్లిప్పులు బిగించేవాణ్ణి. ముందు నుంచి చూస్తే ఎవరికి వాళ్లకి కొలిచి కుట్టినట్టుండేది. ఊళ్లో సగం మంది గుర్తింపు కార్డుల్లో ఉన్నది ఆ ఒక్క కోటే.

ఇదే సూత్రాన్ని నా ఒంటికీ వర్తింపజేశాను. అద్దంలో కనబడినంత మేరకే తల దువ్వేవాణ్ణి. చొక్కాకి కాలరు, బొత్తాల పట్టీ ఇస్త్రీ అయితే చాలనుకునేవాణ్ణి. నా బూట్ల మడమలు పాలిష్ ఎరగవు.

“ముందు నుంచి పెళ్లికొడుకు, వెనక నుంచి మాసిన బట్టల మూట,” అనేది మా ఆవిడ. స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని ఊరి జనం మొటిమలు చెరిపేది ఆవిడే. నా మీద ఆ సాఫ్ట్‌వేర్ పనిచేయదని ఆవిడ బాధ.

ఎదురు కొట్లో టైలరు మా అక్క మొగుడు. నేను షట్టరు ఎత్తే వేళకి ఆయన మిషను ముందు కూర్చుని ఉంటాడు.

“ఒరేయ్, కొలతలిచ్చి ఒక్క చొక్కా కుట్టించుకోరా. నువ్వు కొన్న చొక్కాలన్నీ నీ ఒంటి మీద అద్దెకున్నట్టున్నాయి.”

“నా వీపెవడు చూస్తాడు బావా?”

“నేను చూస్తున్నాగా. పొద్దున్నే నాకు ఎదురయ్యేది అదే. ఇక బేరాలేం వస్తాయి?”

నవ్వి ఊరుకునేవాణ్ణి. అసలు సంగతి వేరు. కొలతలివ్వాలంటే ఒకరి ముందు కదలకుండా నిలబడాలి. నన్నెవరైనా తేరిపార చూస్తే నాకు చెమటలు పడతాయి. మా పెళ్లి ఫోటోలో కూడా సగం మొహం తోడిపెళ్లికూతురి జడ వెనక ఉంది. కెమెరా వెనక నిలబడే పని నేను ఊరికే ఎంచుకోలేదు.

ఇంతలో జనం తమ ఫోటోలు తామే ఫోన్లో తీసుకోవడం మొదలుపెట్టారు. స్టూలు మీద మనుషుల కంటే దుమ్ము ఎక్కువ కూర్చుంది. అలాంటి రోజుల్లో పాలిటెక్నిక్‌లో ఫోటోగ్రఫీ నేర్పేవాళ్లు కావాలని ప్రకటన పడింది. దరఖాస్తు పెట్టాను, ఇంటర్వ్యూకి పిలిచారు. ఆ పని రాకపోతే స్టూడియో షట్టరు దించేయడమేనని మా ఇద్దరికీ తెలుసు. పైకి అనుకోలేదు, అంతే.

ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. “దుస్తులు హుందాగా ఉండవలెను” అన్న చోట మా ఆవిడ ఆపింది.

“ఇంకా వారం టైముంది. అన్నయ్యగారికి చెప్పి కోటు కుట్టించుకోండి.”

“మనకి కోటు లేదా ఏంటి?”

“అది కోటా? కిటికీ పరదా.”

“ఎదురెదురుగా కూర్చుని మాట్లాడ్డమే కదా. వీపు కుర్చీకి ఆని ఉంటుంది.”

“ఇరవై ఆరేళ్లలో మిమ్మల్ని ఒక్క మాటా వినేలా చేయలేకపోయాను. అక్కడ పిల్లలకి మీరేం నేర్పుతారో చూస్తాను,” అంది. అయినా ఇంటర్వ్యూ రోజు పొద్దున్న తనే నా వీపు మీద ఆరు క్లిప్పులు బిగించింది. రెండు గులాబీ రంగువి. కావాలనే పెట్టిందని నా అనుమానం.

కెమెరా బ్యాగుని వీపు మీదికి తోసుకుని క్లిప్పులు దాచుకుంటూ వెళ్లాను. మెట్ల దగ్గర అటెండరు ఆపాడు.

“బ్యాగు ఇక్కడ పెట్టండి సార్. మీ క్లాసు పన్నెండో గదిలో.”

“క్లాసేంటి? ఇంటర్వ్యూ కదా?”

“ఉత్తరం వెనక్కి తిప్పి చూడలేదా సార్?”

తిప్పాను. అభ్యర్థి బోర్డు ఉపయోగించి ఇరవై నిమిషాలు నమూనా పాఠం చెప్పవలెనని ఉంది. కాగితానికి కూడా వెనక వైపు ఉంటుందని నాకు తట్టనే లేదు.

పన్నెండో గదిలో చివరి బెంచీ మీద, తలుపు పక్కనే, ప్రిన్సిపాల్ మేడమ్ కూర్చుని ఉన్నారు. నేను గోడకి వేసిన సున్నంలా బోర్డుకి అతుక్కుపోయాను. “వెలుతురు” అన్నాను. మళ్లీ “వెలుతురు” అన్నాను. మూడోసారి అనేసరికి ఎవడో లేచి లైటు వేశాడు.

“బొమ్మ గీసి చెప్పండి,” అన్నారు మేడమ్.

తిరక్కుండానే చెయ్యి వెనక్కి వంచి కెమెరా గీశాను. అది బోర్లించిన బకెట్టులా వచ్చిందని తర్వాత తెలిసింది.

“ఇటు మాకు కనిపించేలా, అటు తిరిగి గీయండి.”

చేతిలో సుద్దముక్క జారి కింద పడింది. తీద్దామని వంగాను. టప్‌మంటూ మొదటి క్లిప్పు లేచి బోర్డుకి తగిలింది. రెండోది డస్టరు మీద పడింది. మిగతావి ఎటు పోయాయో చూసే ఓపిక లేదు. కోటు రెండు తలుపులూ బార్లా తెరుచుకున్నాయి. లోపల, ఏనాడూ ఇస్త్రీ ఎరగని నా చొక్కా వీపు.

పిల్లలు బెంచీలు అదిరేలా నవ్వారు.

“సార్, కోటుకి క్లిప్పులెందుకు సార్?” అంది ముందు బెంచీలో అమ్మాయి.

అప్పుడు నేనేదో తెలివైన సమాధానం ఆలోచించానని రాసుకుంటే బాగుంటుంది. నిజానికి తలుపు ఎంత దూరముందో చూశాను. దారిలో మేడమ్ ఉన్నారు. అయితే ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. స్టూలు మీద కూర్చున్న ప్రతివాళ్లూ అడిగేదే. అలవాటు చొప్పున నోరే జవాబు చెప్పేసింది.

“నేను బక్కవాణ్ణి కాబట్టి ఆరు. నువ్వింకా సన్నం, నీకు ఎనిమిది పడతాయి, ఉన్న ఆరుతోనే సర్దుదాం. రా, చూపిస్తాను.”

కోటు విప్పి ఆ అమ్మాయికి తొడిగాను. నేల మీది క్లిప్పులు ఏరుకొచ్చి ఇచ్చారు పిల్లలు. కిటికీ పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి, “ఎడమ భుజం కొంచెం ఎత్తమ్మా, గడ్డం కిందికి” అన్నాను. సగం మందిని ముందు, సగం మందిని వెనక నిలబెట్టాను. ముందున్నవాళ్లకి జిల్లా అధికారి కనబడింది. వెనకున్నవాళ్లకి బట్టలారేసిన తీగ కనబడింది. ఫ్రేములోకి ఏం రావాలో, ఏం రాకూడదో, వెలుతురు ఎటు నుంచి పడితే మొహం ఎలా మారుతుందో చెబుతూ బెంచీల మధ్య తిరిగాను. ఆ గదిలో నా వీపు చూడనివాళ్లు లేరు. ఎవరికీ ఏమీ కాలేదు, నాక్కూడా. ఇరవై నిమిషాల పాఠం నలభై అయింది.

మేడమ్ లేచి, “పాఠం బాగుంది. సోమవారం నుంచి రండి, వారానికి మూడు రోజులు. చొక్కా మాత్రం ఇస్త్రీ చేయించుకోండి,” అన్నారు.

తిన్నగా బావ కొట్టుకి వెళ్లాను.

“కొలతలు తీసుకో బావా. చొక్కాకి.”

ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. టేపు మెడ వెనక ఆనించి భుజాల మీదికి లాగి ఆగిపోయాడు.

“ఒరేయ్, నీ కుడి భుజం వేలెడు కిందికుందిరా.”

ఇరవై ఆరేళ్లు ఇంటికీ స్టూడియోకీ కెమెరా బ్యాగు మోసిన భుజం అది. ఇన్నేళ్లుగా ఊరందరికీ భుజం ఎత్తమని చెబుతున్నవాణ్ణి నేను.

“లోపల మెత్త పెట్టి సమం చేసేయనా? ముందు నుంచి తెలీదు.”

“వద్దు. ఎలా ఉంటే అలాగే కుట్టు.”

“మరి వీపు? కుట్టమంటావా, క్లిప్పులు పెట్టుకుంటావా?”

ఆదివారానికి చొక్కా వచ్చింది. వేసుకుని నిలబడ్డాను. మా ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి, నా వెనక చాలాసేపు ఆగింది. మెచ్చుకుంటుందనుకున్నాను. అంచున వేలాడుతున్న దారం పళ్లతో తెంపి వెళ్లిపోయింది.

సోమవారం క్లాసులోకి వెళ్లగానే బోర్డు వైపు తిరిగి, తాపీగా, పెద్ద అక్షరాలతో పాఠం పేరు రాశాను. వెనక ఎవరూ నవ్వలేదు. కాస్త నిరాశపడ్డ మాట నిజం.